దూరమొక్కటి, కాలము రెండు

లండను నుండి న్యూయార్కు ఎంత దూరమో, న్యూయార్కు నుండి లండనును అంతే దూరము. దీనికి రుజువక్కరలేదు. అయినను విమానముల కాలపట్టికను చూచినచో, పడమరకు పోవుటకు సుమారు ఎనిమిది గంటలును, తూర్పునకు వచ్చుటకు సుమారు ఏడు గంటలును పట్టునని తెలియును. ఈ భేదమెట్లు కలిగినది?

ముందుగా దూరమును చూతము. గోడపటముమీద ఈ రెండు నగరములను గీతబద్దతో కలిపినచో, గీత మొదటినుండియు దక్షిణమునకే దిగుచు పోవును. గోళముమీద దారమును బిగించి చూచినచో, అది మొదట కొంత ఉత్తరమునకు సాగి, ఐర్లండు, న్యూఫౌండ్లాండుల మీదుగా పోవును. భూమి గుండ్రనిది గనుక దారము చూపినదే దగ్గరి త్రోవ. దాని పొడవు సుమారు 5,550 కిలోమీటర్లు.

ఇక కాలము. ఆ సముద్రముపై పశ్చిమ పవనములు ప్రబలముగా వీచును. పది పన్నెండు కిలోమీటర్ల యెత్తున ఆ గాలి నదివలె వేగముగా ప్రవహించును. దానిని జెట్ ప్రవాహమందురు. లెక్కల పుస్తకములోని పడవకువలెనే విమానమునకును ఏటివాలు, ఎదురీత కలవు.

తొలినాటి సాహసికులు దీనిని అనుభవముచే ఎరిగిరి. 1919 జూన్‌లో ఆల్కాక్, బ్రౌన్ అనువారు న్యూఫౌండ్లాండు నుండి బయలుదేరి, నడుమ ఎచ్చటను దిగక, పదునారు గంటలలోపుననే ఐర్లండు చేరిరి. ఎదురుగాలిలో తూర్పునుండి పడమరకు అట్లు దాటుటకు మరి తొమ్మిదేండ్లు పట్టెను. 1928 ఏప్రిల్‌లో 'బ్రెమెన్' అను విమానము ముప్పదియారు గంటలకుపైగా ఎగిరి, న్యూయార్కు చేరలేక, కెనడా తీరమందలి గ్రీన్లీ ద్వీపమున దిగినది.

పోవునప్పటి నష్టము వచ్చునప్పుడు తీరునుగదా యని విద్యార్థులు తలపవచ్చును. లెక్కవేసి చూడుడు. విమానవేగము గంటకు 900 కిలోమీటర్లు, గాలివేగము 100 అనుకొందము. గాలి లేనిచో రాకపోకలకు 12 గంటల 20 నిమిషములు. గాలి యున్నచో పోవుటకు 6 గంటల 56 నిమిషములు, వచ్చుటకు 5 గంటల 33 నిమిషములు. మొత్తము 12 గంటల 29 నిమిషములు. తొమ్మిది నిమిషములు నష్టమే! విమానము ఎదురుగాలిలో గడపు కాలము ఎక్కువ, వాలుగాలిలో గడపు కాలము తక్కువ. అందువలన గాలి తీసికొన్నంత తిరిగి ఈయదు.

2020 ఫిబ్రవరిలో పెనుగాలి వీచిన రాత్రి, ఒక బోయింగ్ 747 న్యూయార్కు నుండి లండనుకు 4 గంటల 56 నిమిషములలో చేరినది. అందుచేతనే వైమానికులు దారపు త్రోవనే పట్టుకొని యుండరు. తూర్పునకు వచ్చునప్పుడు, కొంత చుట్టయినను, జెట్ ప్రవాహమును వెదకికొని పోవుదురు. పడమరకు పోవునప్పుడు దానిని తప్పించుకొందురు. ఏనాటి త్రోవను ఆనాటి గాలినిబట్టి నిర్ణయింతురు. దూరమును గోళముపై ఒకమారు కొలిచిన చాలును. ప్రయాణకాలమును మాత్రము ప్రతిదినము గాలినడిగి తెలిసికొనవలసినదే.