చుట్టుకు 109 సెకన్లు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లిలో తెల్లవారకముందే మైదానం చేరే కుర్రాళ్లు ఎందరికో పోలీసు కొలువే కల. 2022 నోటిఫికేషన్ ప్రకారం పురుషులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో ముగించాలి. అంటే 400 మీటర్ల చుట్టుకు 109 సెకన్లు కూడా లేవు.

రోజూ ఒకే తీరుగా పరుగెత్తితే ఈ వేగం అందడం కష్టం. అందుకే ఇలా సాధన చేయాలి: ఒక చుట్టు 100 సెకన్లలో, రెండు నిమిషాల నడక, మళ్లీ చుట్టు. అలా ఆరు. నాలుగోదానికి పిక్కలు బిగుస్తాయి, గొంతు ఎండిపోతుంది. గుండె, కాళ్లు వేగానికి అలవాటుపడేది అక్కడే.

1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మూడు స్వర్ణాలు గెలిచిన పరుగు వీరుడు ఎమిల్ జాటోపెక్‌ది ఈ తరహా సాధనే.

వరంగల్ జిల్లా కల్లెడ బిడ్డ జీవాంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో ఇదే 400 మీటర్ల చుట్టును 55.82 సెకన్లలో ముగించి కాంస్యం తెచ్చింది.

ఈ సాధన వారానికి రెండు రోజులు చాలు. ఛాతీలో నొప్పి వస్తే మాత్రం వెంటనే ఆగి డాక్టరును కలవండి.