ఎడారిలో కొత్త ఇల్లు

ఇల్లు మారదలచినవాడు ముందుగా నీరు, నీడ, ఇరుగుపొరుగు చూచుకొనును. అంగారకుని ఎర్రని ఎడారిలో కాపురము పెట్టదలచువాడు ఏమి చూచుకొనవలెను? అచ్చటి గాలిలో నూటికి 95 పాళ్లు బొగ్గుపులుసు వాయువు. నేలపై పారు నీరు లేదు. కొందమన్నను అమ్మువాడు లేడు: 1967 నాటి అంతర్జాతీయ ఒడంబడిక ననుసరించి ఏ దేశమును ఆ నేలను తనదనరాదు.

అయినను ఆ ఎడారికి మన దారి నెల్లూరు తీరముననే మొదలైనది. పులికాటు సరస్సునకు, బంగాళాఖాతమునకు నడుమనున్న శ్రీహరికోటనుండి 2013 నవంబరు 5న మంగళయాన్ బయలుదేరి, 2014 సెప్టెంబరు 24న అంగారకుని కక్ష్యను చేరినది. 2022లో ఈ దీవి తిరుపతి జిల్లాలో కలిసినది.

దానికి మరియొక కథ కలదు. 1969లో రాకెట్టు కేంద్రమునకై దానిని ఎన్నుకొనిన పిమ్మట, అడవిని నమ్ముకొనిన యానాది కుటుంబములు పెక్కు అచ్చటినుండి తరలవలసివచ్చినది. ఏ దుంప తినదగినదో, ఏ వేరు మందో, తేనె ఎచ్చట దొరకునో వారికి తెలియును. కొత్తచోట గుడిసె వేసికొనవచ్చును. ఆ ఎరుకకు పనిచెప్పు అడవి ఏది?

ఇంటికి పునాది ఆ ఎరుకయే. ఎర్రని ఎడారికి పోవువారు దానిని ఓనమాలనుండి నేర్వవలెను. పీల్చు గాలినైనను తామే చేసికొనవలెను. అంతవరకు, యానాదులు తరతరములుగా కూడబెట్టిన ఎరుకను మనము పోగొట్టుకొనకుండుట మేలు.