ఇంటి అక్వేరియంలో జోవాంథిడ్లు: అపోహలు, అసలు సంగతులు

జోవాంథిడ్ సముద్రంలో బతికే జంతువు. అరచేతిలో పట్టే రాయి మీద పదుల సంఖ్యలో పాలిప్‌లు గుంపుగా పెరుగుతాయి. ఒక్కో పాలిప్‌కు ఒక పొట్టి కాడ, కాడ కొసన గుండ్రటి పళ్లెం, పళ్లెం అంచు చుట్టూ రెండు వరసల్లో సన్నని స్పర్శకాలు, నడిమధ్య చీలికలా నోరు ఉంటాయి. తిండి లోపలికి వెళ్లేదీ, వ్యర్థం బయటికి వచ్చేదీ ఆ నోటి గుండానే. కాడల అడుగున పల్చటి కండపొర రాయిని అంటిపెట్టుకుని పాకుతూ పాలిప్‌లను ఒకదానితో ఒకటి కలుపుతుంది. నీలి లైటు కింద ఆకుపచ్చ, నారింజ, ఊదా రంగులతో మెరిసే ఈ జీవులు త్వరగా పెరుగుతాయి, చిన్నచిన్న పొరపాట్లను తట్టుకుంటాయి. అందుకే ఉప్పునీటి అక్వేరియం కొత్తగా మొదలుపెట్టేవాళ్ల చేతికి దుకాణదారులు తరచు మొదట వీటినే ఇస్తారు. సులువైనవి అని వీటికొచ్చిన ఆ పేరు దగ్గరే చాలా అపోహలు పుడుతున్నాయి.

వీటిని పగడాలు అని పిలవడం వాడుక మాత్రమే. సముద్రంలో దిబ్బలు కట్టే అసలైన రాతి పగడాలకు సున్నపు అస్థిపంజరం ఉంటుంది. జోవాంథిడ్లకు అది లేదు. జోవాంథిడ్లలో పాలిథోవా ప్రజాతి జీవులు ఇసుక రేణువులను తమ కండలో ఇముడ్చుకుని ఒళ్లు గట్టిపరచుకుంటాయి. జోవాంథస్ ప్రజాతికి ఆ అలవాటు లేదు, ఒళ్లు మెత్తగానే ఉంటుంది. రాతి పగడాలతో ఉన్న తేడాకు చట్టపరంగానూ ప్రాముఖ్యం ఉంది. భారతదేశంలో రాతి పగడాలన్నిటినీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. జోవాంథిడ్లు ఆ వర్గానికి చెందినవి కావు. అంతమాత్రాన తీరం నుంచి రాయి పెకలించి తెచ్చుకోవచ్చనుకుంటే పొరపాటు. గుజరాత్ సౌరాష్ట్ర తీరంలోనూ, విశాఖ తీరపు రాళ్ల మీదా ఆటుపోట్ల నడుమ జోవాంథిడ్లు కనిపిస్తాయి. అలాంటి రాయికి రాతి పగడం ముక్క ఒక్కటి అంటుకుని ఉన్నా చట్టం వర్తిస్తుంది. రాయితో పాటు దాని మీద బతికే చిన్న లోకమంతా పోతుంది.

వీటికి లైటు ఉంటే చాలు, తిండి అక్కర్లేదన్నది మరో నమ్మకం. కండలో నివసించే జూజాంథెల్లే అనే ఏకకణ శైవలాలు వెలుతురుతో ఆహారం తయారుచేసి, అందులో పెద్ద వాటా జోవాంథిడ్‌కు ఇస్తాయన్నది నిజమే. అయినా ఈ జంతువులు నీటిలోంచి కూడా తిండి తీసుకుంటాయి. పాలిథోవా పాలిప్ మీద చిన్న రొయ్య ముక్క పెడితే పళ్లెం అంచులు ముడుచుకుని దాన్ని లోపలికి తీసుకోవడం కంటికే కనిపిస్తుంది. జోవాంథస్ రకాలు పెద్ద ముక్కల మీద అంత ఆసక్తి చూపవు. వెలుతురు పెంచేకొద్దీ రంగు పెరుగుతుందనడమూ సరికాదు. మధ్యస్థమైన వెలుతురు వీటికి సరిపోతుంది. లైటు ఒక్కసారిగా పెంచితే పాలిప్‌లు శైవలాలను వదిలేసి పాలిపోతాయి.

నీటి శుభ్రత విషయంలో రెండు వైపులా అతి ఉంది. ఇవి మురికి నీటిలో బాగా పెరుగుతాయని కొందరు నీళ్లు మార్చడం మానేస్తారు. ఇంకొందరు నైట్రేటు, ఫాస్ఫేటు సున్నాకు దించి రంగులు వెలిసిపోయాక కారణం వెతుక్కుంటారు. పోషకాలు కొలతకు అందేంత ఉండాలి, పేరుకుపోకూడదు. అంతకంటే ముఖ్యమైనది నిలకడ. ఉప్పు మోతాదు వెయ్యికి 35 పాళ్ల దగ్గర, ఉష్ణోగ్రత 24 నుంచి 26 డిగ్రీల దగ్గర కదలకుండా ఉండాలి. హైదరాబాద్, విజయవాడ వేసవిలో ఇది తేలిక కాదు. చిల్లర్ లేకపోతే తొట్టె నీరు 30 డిగ్రీలు దాటిపోతుంది, దానితో పాటు ఆవిరీ పెరుగుతుంది. ఆవిరైపోయేది నీరే, ఉప్పు తొట్టెలోనే మిగులుతుంది. ఈ సంగతి గమనించక తగ్గిన మేరకు ఉప్పునీరే పోసేవాళ్లు నీటిని రోజురోజుకూ మరింత ఉప్పగా మార్చేస్తారు. తగ్గిన చోట పోయాల్సింది మంచినీరు, అదీ టీడీఎస్ మీటరు పెడితే దాదాపు సున్నా చూపే ఆర్వో నీరు. వీధి చివర దొరికే క్యాన్ నీళ్లు, బోరు నీళ్లు ఆ పరీక్షకు నిలవడం అరుదు.

ముడుచుకున్న పాలిప్ చచ్చిపోయిందనుకోవడమూ తొందరపాటే. కొత్త తొట్టెలోకి మారినా, లైటు మారినా, చేప ఒరుసుకుని వెళ్లినా కొన్ని రోజులు ముడుచుకుని ఉండొచ్చు. కానీ మిగతా గుంపంతా విచ్చుకుని ఒక మూలే రోజుల తరబడి ముడుచుకుని ఉంటే అక్కడ పురుగు కోసం వెతకాలి. జోవాంథిడ్లనే తినే ఒక రకం సముద్రపు గుల్లలేని నత్త తాను తిన్న పాలిప్ రంగునే ఒంటికి తెచ్చుకుంటుంది కాబట్టి దాని మీదే ఉన్నా కనిపించదు. గుండ్రటి మెట్ల గుల్ల గల సన్‌డయల్ నత్త రాత్రిపూట తిరుగుతుంది. కొత్త ముక్కను మందు నీటిలో ఒకసారి ముంచి తీస్తే చాలన్న భరోసా ఇక్కడే దెబ్బతింటుంది. మందు పురుగును చంపినా గుడ్లు మిగిలిపోతాయి. అవి పగిలి పిల్లలు బయటికి వచ్చాక మళ్లీ ముంచాలి, ఆ రోజులన్నీ ముక్కను విడి తొట్టెలో ఉంచాలి.

పురుగుల్ని, అక్కర్లేని గుంపుల్ని వదిలించుకోవడానికి రాయిని మరిగే నీళ్లలో వేయడం, టూత్‌బ్రష్‌తో రుద్దడం, ఎండబెట్టి గీకడం కొందరికి అలవాటు. ఇందులో ప్రమాదమేమీ లేదనుకోవడమే అన్నిటికంటే ప్రమాదకరమైన అపోహ. కొన్ని జోవాంథిడ్లలో పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది. హవాయిలోని మావీ దీవిలో హానా ప్రాంతపు స్థానికులకు ఈ విషం ఎప్పటినుంచో తెలుసు, ఈటె మొనలకు పూసేవారని అక్కడి కథనం. 1971లో హవాయి విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ మూర్, పాల్ ష్యూయర్ దాన్ని వేరుచేశారు. 129 కార్బన్ పరమాణువులున్న ఆ అణువు నిర్మాణం తేలడానికి మరో పదేళ్లు పట్టింది.

ప్రతి జంతు కణం పొరలోనూ సోడియాన్ని బయటికి, పొటాషియాన్ని లోపలికి నెట్టే పంపు ఉంటుంది. పాలిటాక్సిన్ ఆ పంపుకు అతుక్కుని దాన్ని మూతపడని రంధ్రంగా మార్చేస్తుంది. లవణాలు అడ్డూ అదుపూ లేకుండా అటూ ఇటూ ప్రవహించి కణం పాడవుతుంది. మరిగించినా ఈ విషం విరగదు, పైగా ఆవిరితో పాటు గాలిలోకి లేస్తుంది. పీల్చినవారికి కొన్ని గంటల్లో నోట్లో చేదు లోహపు రుచి, దగ్గు, ఆయాసం, జ్వరం, కండరాల నొప్పులు మొదలవుతాయి. అమెరికాలోని అలాస్కాలో 2012, 2014 సంవత్సరాల మధ్య అక్వేరియం దుకాణాల్లోనూ ఇళ్లలోనూ జరిగిన ఇలాంటి ఘటనలను ఆ దేశపు వ్యాధి నియంత్రణ సంస్థ నమోదు చేసింది. బతికున్న జోవాంథిడ్లను ఇంటి తొట్టెలో పెట్టిన తర్వాత జబ్బుపడిన మనిషి ఉదంతం కూడా వాటిలో ఉంది. 2018 మార్చిలో ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ఒక కుటుంబమంతా ఇలాగే ఆసుపత్రి పాలైంది.

ఈ వార్తలు చదివినవాళ్లు ఇంట్లో ఒక్క పాలిప్ ఉన్నా ప్రాణాపాయమేనని భయపడతారు. అదీ అతిశయోక్తే. అమెరికా రాజధాని ప్రాంతంలోని దుకాణాల్లో కొన్న నమూనాలను పరిశీలించి 2011లో ప్రచురించిన పరిశోధనలో అత్యంత విషపూరితంగా తేలినవి పాలిథోవా రకాలే. జోవాంథస్ నమూనాల్లో విషం లేదు, ఉన్నా నామమాత్రమే. చిక్కేమిటంటే దుకాణంలో ఈ రెంటినీ ఒకే పేరుతో అమ్ముతారు. ఆకర్షణీయమైన వ్యాపార నామాలు రంగుల్ని బట్టి పెట్టినవి, వాటితో జాతి తెలియదు. రంగు చూసి విషం ఉందో లేదో చెప్పడమూ సాధ్యం కాదు. కాబట్టి ప్రతి గుంపునూ విషమున్నదిగానే భావించి పనిచేయాలి.

ఆ జాగ్రత్తలు కష్టమైనవేమీ కావు. ముక్కలు చేసేటప్పుడు నైట్రిల్ చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. కత్తి పడగానే పాలిప్ నీటిని చిమ్ముతుంది, అది కంట్లో పడితే కార్నియా దెబ్బతింటుంది. చేతికి గాయం ఉన్న రోజు తొట్టెలో చెయ్యి పెట్టకూడదు. కోత పని వంటింటి గట్టు మీద కాకుండా, గాలి ఆడేచోట, నీటిలో ముంచి ఉంచి చేయాలి. తొట్టెలోంచి తీసేయాల్సిన గుంపును మరిగించకుండా, 5–6 శాతం సోడియం హైపోక్లోరైట్ ఉన్న బ్లీచ్ ఒక వంతుకు 10 వంతుల నీరు అప్పటికప్పుడు కలిపి అందులో అరగంట నానబెడితే విషం విరుగుతుంది. ఆ బకెట్లో వెనిగరు గానీ, యాసిడ్ గానీ కలిపితే క్లోరిన్ వాయువు పుడుతుంది. పని తర్వాత ఒంట్లో బాగా లేకపోతే వైద్యుడికి జోవాంథిడ్ పేరు, పాలిటాక్సిన్ పేరు కాగితం మీద రాసి చూపించాలి. దీనికి విరుగుడు మందు లేదు. చికిత్స లక్షణాలను బట్టే సాగుతుంది. కారణం తెలియని వైద్యుడు దీన్ని మామూలు ఫ్లూ జ్వరంగా పొరబడే అవకాశం ఉంది.