ఏడో రోజుకే సెన్సర్ ఔట్.. డీప్ స్లీప్‌లో కూడా బ్యాటరీని తాగేస్తున్నదెవరు?

మోటార్ వేసిన ప్రతిసారీ ట్యాంక్ నిండిందో లేదో చూడటానికి అమ్మ మోకాళ్ల నొప్పితో డాబా ఎక్కుతోంది. అందుకే ఊరెళ్లినప్పుడు ఈఎస్‌పీ32 బోర్డు, వాటర్‌ప్రూఫ్ అల్ట్రాసోనిక్ సెన్సర్, ఒక 18650 సెల్‌తో లెవెల్ మీటర్ చేసి పెట్టి వచ్చా. ఐదు నిమిషాలకోసారి నిద్రలేచి వైఫైలో రీడింగ్ పంపి మళ్లీ డీప్ స్లీప్‌లోకి పోతుంది. సెల్ 2600 ఎంఏహెచ్. ఏడాది వస్తుందని గొప్పగా చెప్పా. ఏడో రోజు అమ్మ ఫోన్: "ఒరేయ్, నీ మిషన్ పడుకుందిరా. నేనే పైకెళ్లొచ్చా."

డేటాషీట్‌లో ఈఎస్‌పీ32 డీప్ స్లీప్ కరెంట్ సుమారు 10 మైక్రోయాంప్‌లే. కానీ అది చిప్‌ది మాత్రమే, బోర్డుది కాదు. బోర్డు మీద పవర్ ఎల్‌ఈడీ ఉంటుంది, యూఎస్‌బీ చిప్ ఉంటుంది, ఏఎంఎస్1117 రెగ్యులేటర్ ఉంటుంది. ఈ రెగ్యులేటర్ ఏ పనీ చేయకపోయినా దాదాపు 5 మిల్లీయాంప్‌లు తింటుంది. సెన్సర్‌కి పవర్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంది. అన్నీ కలిపి మల్టీమీటర్‌లో 9 మిల్లీయాంప్‌లు కనిపించాయి. అంటే మనవాడు "నిద్ర"లో, అనుకున్నదానికి 900 రెట్లు లాగుతున్నాడు!

ఇక మెలకువ ఖర్చు. వైఫైకి కనెక్ట్ అయి, ఐపీ అడ్రస్ తీసుకుని, డేటా పంపేసరికి 6 సెకన్లు. సగటున 100 మిల్లీయాంప్‌లు. ఐదు నిమిషాలకోసారి కాబట్టి ఇది సగటున 2 మిల్లీయాంప్‌లు. మొత్తం 11. ఈ లెక్కన కూడా పది రోజులు రావాలి కదా? సెల్ తీసి చూస్తే ఇంకా 3.6 వోల్ట్‌లు ఉంది. అసలు ఖాళీనే కాలేదు! ఏఎంఎస్1117కి ఔట్‌పుట్ కంటే సుమారు 1 వోల్ట్ ఎక్కువ ఇన్‌పుట్ కావాలి. అంత లేకపోయేసరికి బోర్డు చేతులెత్తేసింది.

రెండో వెర్షన్‌లో డెవలప్‌మెంట్ బోర్డుని పక్కన పడేశా. ఉత్త ఈఎస్‌పీ32 మాడ్యూల్, హెచ్‌టీ7333 రెగ్యులేటర్. ఇది ఖాళీగా ఉన్నప్పుడు తినేది 4 మైక్రోయాంప్‌లే. కాకపోతే ఇచ్చేది 250 మిల్లీయాంప్‌లే కాబట్టి వైఫై ఒక్కసారిగా లాగినప్పుడు రీసెట్ అవకుండా ఔట్‌పుట్‌లో పెద్ద కెపాసిటర్ తప్పనిసరి. సెన్సర్ పవర్‌కి మాస్‌ఫెట్ స్విచ్ పెట్టా, రీడింగ్ అప్పుడే ఆన్. ఇంకో దొంగ వోల్టేజ్ డివైడర్. బ్యాటరీ చూడటానికి రెండు 100 కిలోఓమ్ రెసిస్టర్లు పెడితే అవే 21 మైక్రోయాంప్‌లు లాగుతాయి, అంటే చిప్‌కి డబుల్! 1 మెగాఓమ్‌వి వేస్తే 2కి దిగింది.

కొలిచేటప్పుడు ఒక జాగ్రత్త. మీటర్‌ని నేరుగా మైక్రోయాంప్ రేంజ్‌లో పెడితే బోర్డు లేవగానే రీసెట్ అవుతుంది. నేను దీన్ని కోడ్ బగ్ అనుకుని ఒక ఆదివారం మొత్తం తగలేశా. మీటర్‌కి సమాంతరంగా చిన్న వైరు పెట్టి, బోర్డు పడుకున్నాక వైరు తీయండి. నాకు 18 మైక్రోయాంప్‌లు వచ్చాయి.

వైఫై కనెక్షన్ బదులు ఈఎస్‌పీ-నౌ వాడా. ఇంట్లో ప్లగ్‌లో ఇంకో ఈఎస్‌పీ32 వింటూ ఉంటుంది. కనెక్షన్ తతంగం లేదు, అర సెకనులో పని అయిపోతుంది. రెండు వైపులా ఛానెల్ ఒకటే ఉండాలి. రిసీవర్ రౌటర్‌కి కూడా కనెక్ట్ అయి ఉంటే మాత్రం రౌటర్ సెట్టింగ్స్‌లో ఛానెల్ ఫిక్స్ చేయండి, లేదంటే అది ఛానెల్ మార్చిన రోజు డేటా మాయం.

పది నిమిషాలకోసారి పంపితే సగటు 0.1 మిల్లీయాంప్. కాగితం మీద దాదాపు మూడేళ్లు. నిజంగా ఏడాదిన్నర వచ్చినా నాకు చాలు. కానీ మా ట్యాంక్ 25 నిమిషాల్లో నిండిపోతుంది, పది నిమిషాల గ్యాప్‌లో నీళ్లు పొర్లిపోవూ? అందుకే పాత లెవెల్‌ని ఆర్‌టీసీ మెమరీలో దాచా, అది డీప్ స్లీప్‌లో చెరిగిపోదు. లెవెల్ పెరుగుతోందంటే నిమిషానికోసారి లేస్తుంది, ఆగాక మళ్లీ పది నిమిషాలు.

పెట్టి నాలుగు నెలలైంది. నిన్న చూస్తే సెల్ 4.05 వోల్ట్‌లు. అమ్మ ఇప్పుడు వంటింట్లో బజర్ మోగగానే మోటార్ కట్టేస్తోంది. డాబా ఎక్కేది వడియాలు పెట్టడానికే.