ఆటిజం బిడ్డల తల్లులకు మనోబలం - కృతజ్ఞతాభావం

వ్యాధులకు శరీరమూ, మనస్సూ రెండూ ఆశ్రయస్థానాలేనని చరక సంహిత చెబుతున్నది. మనస్సును బాధించే రజస్తమో దోషాలకు జ్ఞానం, విజ్ఞానం, ధైర్యం, స్మృతి, సమాధి అనేవి ఔషధాలు. అహితమైన విషయాల నుండి మనస్సును మరలించే పద్ధతికి సత్త్వావజయ చికిత్స అని పేరు. ఆటిజం గల బిడ్డను పెంచే తల్లికి ఈ చికిత్స ఎంతో అవసరం.

ముందు నింద తొలగాలి

"కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నావు? బిడ్డను టీవీ ముందు వదిలేశావా?" అని బంధువులు తల్లినే ప్రశ్నిస్తారు. 1943లో అమెరికాలో లియో కానర్ అనే వైద్యుడు ఆటిజాన్ని వివరించిన తరువాత, తల్లి ప్రేమ చూపకపోవడమే దీనికి కారణమని కొందరు వైద్యులు కూడా నిందించారు. బెర్నార్డ్ రిమ్‌లాండ్ 1964లో తన గ్రంథంలో ఆ వాదాన్ని ఖండించారు. మెదడు ఎదిగే తీరులోని భేదమే ఆటిజం. ఇందులో వంశపారంపర్యానికి ప్రధాన పాత్ర ఉన్నది. తల్లి దోషం లేదు. మందులతో దీనిని పూర్తిగా పోగొడతామనే వారి మాటలు నమ్మవద్దు.

కృతజ్ఞత అంటే ఏమిటి?

పొందిన మేలును ఎరిగి ఉండటమే కృతజ్ఞత. దీనిని స్మృతి అనే ఔషధంలో భాగంగా భావించవచ్చు. అమెరికాలో ఎమ్మన్స్, మెకల్లఫ్ అనే శాస్త్రజ్ఞులు 2003లో ప్రకటించిన పరిశోధనలో, పది వారాలపాటు వారానికొకసారి తాము పొందిన మేళ్లను వ్రాసుకున్న విద్యార్థులు, చికాకులను వ్రాసినవారి కంటే తమ జీవితం పట్ల ఎక్కువ తృప్తిని కనబరచారు.

అయితే "ఇంతకన్నా కష్టాల్లో ఉన్నవారు లేరా, ఏడవకు" అని తల్లి నోరు మూయించడం కృతజ్ఞత నేర్పడం కాదు. బలవంతాన ఆపకూడని పదమూడు వేగాలలో కన్నీటిని, నిద్రను కూడా చరకుడు చేర్చాడు. దుఃఖం వచ్చినప్పుడు తల్లిని ఏడవనివ్వాలి. దుఃఖమూ, కృతజ్ఞతా ఒకే హృదయంలో ఉండగలవు.

ఆచరించే విధానం

బిడ్డ నిద్రించిన తరువాత ఆనాటి మేలు ఒకటి రెండు వాక్యాలలో వ్రాసుకోవాలి. "దాహం వేసి నా చేయి పట్టుకుని బిందె దగ్గరకు తీసుకెళ్లాడు", "ఆటో అతను విసుక్కోకుండా ఆగాడు" వంటి చిన్న విషయాలు చాలు. ఏమీ తోచని రోజున కాగితం ఖాళీగా ఉంచినా తప్పులేదు. పిదప గోరువెచ్చని నువ్వుల నూనెను అరికాళ్లకు మర్దన చేసుకోవాలి. అభ్యంగనం అలసటను పోగొట్టి, మంచి నిద్రనిస్తుందని వాగ్భటుడు చెప్పాడు.

ఇంటివారి బాధ్యత

నిద్ర లేని తల్లికి కృతజ్ఞత గురించి బోధించి ప్రయోజనం లేదు. "నీవు పడుకో, బిడ్డను నేను చూసుకుంటాను" అని భర్తగాని, అత్తగారుగాని రోజుకు రెండు గంటలు బాధ్యత తీసుకోవాలి. ఆమె శ్రమను గుర్తించి నోరారా ఒక మంచి మాట చెప్పాలి.

రెండు వారాలకు మించి దిగులు, నిద్రలేమి ఉంటే మానసిక వైద్యుని సంప్రదించాలి. చనిపోవాలన్న తలపు కలిగితే ఒక్క రోజు కూడా ఆగరాదు. టెలి మానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. బిడ్డ సంరక్షణకు తల్లి ఆరోగ్యమే మూలమని ఇంటిల్లిపాదీ గ్రహించాలి.