తెర విడిచి వచ్చిన పాట

సినిమాపాటను మనము వెండితెరపై చూచునది ఒకటి రెండు పర్యాయములే. వినుట మాత్రము నూరుసార్లు, ఇంటిలో, రేడియో యెదుట. హాలులో ఆ పాటకు కథ కలదు, పాత్రలు కలవు, వెన్నెలయో వానయో కలదు. ఇంటికి వచ్చునప్పటికి అవి యన్నియు తొలగిపోయి గొంతు, వాద్యము, మాట మాత్రమే మిగులును. ఆ లోటు పూడ్చుటకు పాటకు ముందు ఎవరో రెండు మాటలు చెప్పవలెను, లేదా రికార్డుపైన కొన్ని అక్షరములు అచ్చు వేయవలెను. ఆ మాటలలో ఏమి చేర్చిరి, ఏమి విడిచిరి అని శ్రోతలు సాధారణముగా విచారింపరు. కాని ఒక పాట లోకములో ఎవరి పాటగా నిలుచునో నిర్ణయించునవి అవియే.

మొదట ఆ రికార్డు సంగతి చూతము. మన యిండ్లలో ‘ప్లేటు’ అని పిలిచిన నల్లని లక్క పలక నిమిషమునకు 78 చుట్లు తిరిగెడిది. పది అంగుళముల ప్లేటు ఒక వైపున మూడు నిమిషములకు పైన కొద్ది సెకండ్లు మాత్రమే పట్టును. పాట అంతకు మించినచో సగమున ఆపి, ప్లేటు త్రిప్పి, ముల్లు మరల పెట్టవలసినదే. మదరాసులో పాడిన పాట కలకత్తా దగ్గరి డండంలో ప్లేటుగా అచ్చుపడి మరల మన బజారులకు వచ్చుచుండెడిది. మరియొక చిక్కు కూడ నుండెను. టేపు యంత్రములు వాడుకలోనికి రాకముందు, సినిమాలోని ధ్వని ఫిల్ము అంచున గీతల రూపమున ముద్రితమయ్యెడిది. దానినుండి ప్లేటు తీయుట సులభము కాదు. అందుచేత గాయకులు అనేక సందర్భములలో అదే పాటను రికార్డు కంపెనీవారి కొరకు మరియొకసారి పాడిరి. హాలులో విన్న చరణము ప్లేటులో లేదని, ఆ పలుకుబడి ఇది కాదని పాతపాటల అభిమానులు నేటికిని వాదులాడుకొనుటకు ఇదియే కారణము. ఇద్దరి మాటయు నిజమే కావచ్చును.

ఇక పేర్ల విషయము. 1949లో హిందీలో ‘మహల్’ చిత్రము వచ్చెను. అందలి ప్రసిద్ధమైన పాటను పాడినవారు లతా మంగేష్కరు. కాని ఆ పాట ప్లేటుపై గాయని పేరున్న చోట ‘కామిని’ అని యుండెను. కామిని యనగా ఆ కథలోని పాత్ర! పాట రేడియోలో వచ్చిన పిదప పాడిన దెవరని శ్రోతలు ఉత్తరములు గుప్పించిరనియు, ఆకాశవాణివారు కంపెనీ నడిగి పేరు తెలిసికొని ప్రకటించిరనియు లతా మంగేష్కరే తరువాత చెప్పియున్నారు. పోస్టుకార్డు వ్రాసిన శ్రోతకు ఇంత బలము కలదని ఆ కంపెనీ ఊహించి యుండదు.

రేడియో మాత్రము అన్ని వేళల పేర్ల పక్షమున నిలిచెనని చెప్పజాలము. 1952లో బి. వి. కేస్కర్ సమాచార ప్రసార శాఖ మంత్రి యైన పిదప ఆకాశవాణిలో సినిమాపాటలకు వేళలు తగ్గెను. పాడినవారి పేరు చెప్పవచ్చును, చిత్రము పేరు చెప్పరాదు, అది వ్యాపార ప్రకటన యగునని ఒక నియమము వచ్చెను. నిర్మాతలు కోపించి ప్రసారపు అనుమతినే ఉపసంహరించుకొనిరి. శ్రోతలు సిలోను రేడియో వైపు ముల్లు త్రిప్పిరి. అచట తెలుగుపాటలు కూడ వచ్చుచుండెడివి. తుదకు 1957 అక్టోబరు 3న వివిధభారతి ఆరంభమైనది. చిత్రము పేరు చెప్పుట ప్రకటనయే యని మేమును ఒప్పుకొందుము. కాని అది పాటకు ఇంటిపేరు వంటిది కూడ. ఇంటిపేరు లేక పిలిచినచో ఏ ఊరివాడో, ఎవరి పిల్లవాడో తెలియునా? చిత్రము, రచన, సంగీతము, గానము అను నాలుగు ముక్కల వరుసను రేడియోలో వినివినియే కదా మన పిల్లలు కవుల పేర్లు నేర్చినది. బడిలో నేర్పిన పద్యకర్తలకంటె ఆ పేర్లే ఎక్కువమందికి జ్ఞాపకమున్నవి.

పేర్లతో పని తీరదు; సందర్భము కూడ కావలెను. ‘మల్లీశ్వరి’ (1951) తీసికొందము. బి. ఎన్. రెడ్డిగారి చిత్రము; పాటలు దేవులపల్లి కృష్ణశాస్త్రిగారివి; సంగీతము సాలూరు రాజేశ్వరరావుగారిది. అందు నాయికా నాయకులు మేఘమునకు తమ వేదన చెప్పుకొను పాట యొకటి కలదు. ఘంటసాల, భానుమతి పాడిరి. తెరపై ఆ యిద్దరును ఒకచోట లేరు. ఒకరి కొకరు కానరాని దూరమున నున్నారు. రేడియోలో వినువారికి మాత్రము రెండు గొంతులు ఒకదాని వెంట నొకటి వచ్చుచుండగా, ఇద్దరు పక్కపక్కన కూర్చుండి పాడుకొనుచున్నట్లే తోచును. అప్పుడు విరహగీతము కాస్త సరసగీతమగును. ‘రాణివాసమున నామె, వెలుపల నతడు’ అని ఒక్క వాక్యము ముందు చెప్పినచో పాట అర్థమే మారిపోవును.

‘మాయాబజార్’ (1957) లోని పడవపాట సంగతి దీనికి తారుమారు. తెరపై మొదట అభిమన్యుడును శశిరేఖయు, పిదప కృష్ణుడును రుక్మిణియు అదే పాటను పాడుదురు. జంట మారినను గొంతులు మారవు, ఘంటసాల, లీలలవే. పెద్దలు పిల్లలకు కావలి వచ్చి తామును ఆ వెన్నెలకు లోబడుట అందలి హాస్యము. మార్కస్ బార్ట్‌లే పట్టిన ఆ వెన్నెలను చూచి మురిసినవారెందరో. రేడియో పాటలో ఆ వెన్నెల లేదు, ఆ హాస్యమును లేదు. అయినను ఆ పాట విని ఆనందింపనివారు లేరు. కనుక సందర్భము తెలియనిచో పాట చెడునని మేము చెప్పుట లేదు. రెండవ పాటగా మారునని చెప్పుచున్నాము.

ఈ సందర్భమును ఇంటికి చేర్చుటకు మనవారు కనిపెట్టిన చక్కని సాధనము పాటల పుస్తకము. హాలు ముంగిట కొద్ది డబ్బులకు అమ్మెడివారు. కొంత కథ చెప్పి, తక్కినది వెండితెరపై చూడుడని ఆపివేయుట దాని మర్యాద. అచ్చుతప్పులకు లోటుండెడిది కాదు గాని, పాట మాటలు, వ్రాసినవారి పేరు, పాడినవారి పేరు అందుండెడివి. తరువాత వచ్చిన నిడుపాటి రికార్డు, అనగా నిమిషమునకు 33 1/3 చుట్లు తిరుగు ఎల్.పి., ఆ పుస్తకపు పనిని తన అట్టమీదికి తీసికొనెను. పండ్రెండంగుళముల అట్ట వెనుక వ్రాయుటకు చోటు పుష్కలము. ‘ఆల్బము’ అను మాట మాత్రము అంతకంటె పాతది. లక్క ప్లేట్లను ఫొటోల పుస్తకము వంటి దళసరి అట్టల మధ్య సంచులలో కూర్చి అమ్మునప్పుడు ఆ పేరు పుట్టెను. 1938లో అమెరికాలో ‘స్నోవైట్’ చిత్రపు పాటలు అట్లే మూడు ప్లేట్ల కూర్పుగా వెలువడెను. పడమటి దేశములలో ఆల్బమనగా దృశ్యముల వెనుక వచ్చు వాద్యసంగీతము కూడ నుండును. మనకు పాటలే ఆల్బము. నేపథ్య వాద్యసంగీతమునకు మనదేశమున రికార్డు భాగ్యము అరుదు.

దానికి బదులు మనవారు మాటలను రికార్డు చేసిరి. 1975లో ‘షోలే’ సంభాషణల రికార్డులు విపరీతముగా అమ్ముడుపోయెను. ‘దానవీరశూరకర్ణ’ (1977) మాటలు తెలుగునాట ఊరూర మ్రోగెను. రేడియోలో ‘సంక్షిప్త శబ్దచిత్రము’ వచ్చు ఆదివారములు ఎరుగని పాతతరపు శ్రోత ఉండడు. బొమ్మ లేకయే సినిమా చూచితిమన్న తృప్తి అది.

రికార్డుపై పేర్లు సరిగా వేయుట ఎంత పనియో ‘శంకరాభరణము’ (1980) తెలుపును. అందు భద్రాచల రామదాసు కీర్తనలు, సదాశివ బ్రహ్మేంద్రుల సంస్కృత కీర్తన, మైసూరు వాసుదేవాచార్యుల కృతి కలవు. వాటి సరసనే వేటూరి సుందరరామమూర్తిగారి పాటలు నిలిచినవి. ఒక పాట ఎత్తుగడ త్యాగరాజస్వామి కృతిదే, తక్కినది వేటూరిది. కె. వి. మహదేవన్ సంగీతములో ఇవి యన్నియు ఒకే నూలున గుచ్చిన పూసలవలె సాగిపోవును. పేరు చెప్పువారు లేనిచో వేటూరి మాట త్యాగయ్యకును, వాసుదేవాచార్యుల కృతి వేటూరికిని దక్కుట ఎంతసేపు?

క్యాసెట్టు వచ్చి అట్టను అరచేయంత చేసెను. ఆడియో విడుదల ఉత్సవములు వచ్చి పాటకంటె ఉపన్యాసములను పెంచెను. ఇప్పుడు ఆల్బమంతయు ఒక్కమారు వచ్చుట కూడ తగ్గినది. ఒక్కొక్క పాటను విడివిడిగా, సినిమాకు నెలల ముందే విడుదల చేయుచున్నారు. ‘ఆర్.ఆర్.ఆర్.’లోని నాట్యగీతము 2021 నవంబరులో వచ్చెను; చిత్రము 2022 మార్చిలో గాని రాలేదు. అనగా ఇల్లు ముందు, హాలు తరువాత. ఆ పాటకు 2023 మార్చిలో ఆస్కారు బహుమానము వచ్చినప్పుడు దానిని అందుకొన్నవారు సంగీతము కూర్చిన కీరవాణి, రచించిన చంద్రబోసు. అక్కడి పద్ధతిలో పాట కట్టినవారిదే పాట. చేతి ఫోనులో అదే పాట వినునప్పుడు చిత్రము, గాయకులు, సంగీతకర్త ఎదుట కనబడుదురు. కవి పేరు కొరకు తరచుగా లోపలికి వెదకవలసి యున్నది.

ఇది మర్యాదకు మాత్రమే సంబంధించినది కాదు, కూటికి సంబంధించినది. 2012లో మన కాపీరైటు చట్టమును సవరించిరి. పాట వ్రాసినవారు, స్వరపరచినవారు తమ హక్కులను నిర్మాతకు వ్రాసి యిచ్చినను, సినిమాహాలు ప్రదర్శన గాక తక్కిన ఉపయోగములపై వచ్చు రాయల్టీలో సమానభాగమును వదలుకొన జాలరని అందు శాసించిరి. రేడియో, రికార్డు, ఫోను అన్నియు ఆ తక్కినవే. పాట ఎవరిదో నమోదు కానిచోట ఆ భాగము ఎవరి యింటికి పోవలెను? ఇక వయొలిను, వేణువు, షహనాయి వాయించినవారి సంగతి చెప్పనే అక్కరలేదు. పల్లవికి ముందు వచ్చు వేణునాదమును విని ఇది ఫలానా పాట యని గుర్తుపట్టు శ్రోతలు వేలమంది కలరు. ఆ వేణువు నూదిన దెవరో చెప్పగలవారు ప్రకటించువారిలోను అరుదు.