శాంటా అందరోడే.. మరి ఇంటి మీది స్టార్?

డిసెంబర్ వచ్చిందంటే మన దిక్కు రెండు క్రిస్మస్‌లు కనిపిస్తయ్. ఒకటి మండల కేంద్రంల. బేకరీ కాడ, ప్రైవేటు స్కూల్ల, లీడర్లు కేక్ కోసే సెమీ క్రిస్మస్ స్టేజీ మీద. ఎర్ర టోపీ, తెల్ల గడ్డం, డీజే పాట. ఇంకోటి ఊరి చివర వాడల. వెదురు పుల్లలకు రంగు కాయిదం అంటించి కట్టిన స్టార్, రాత్రిపూట ఇంటింటికి తిరిగే క్యారల్స్, పొద్దుగాల ఆరాధన, కొత్త బట్టలు, మధ్యాహ్నం కోడికూర.

ఈ రెండిట్ల ఏది అసలు పండుగ అని వాట్సాప్ గ్రూపులల్ల ఏటా లొల్లే. “శాంటా బైబిల్‌ల లేడు” అని పెద్దలంటరు. “పండుగంటే అందరు కలిసి చేసుకునుడే గదా” అని పోరగాండ్లంటరు. నన్నడిగితే రెండూ నిజమే. కానీ అసలు తేడా ఇంకోకాడ ఉన్నది. అది తెల్వాలంటే ముందుగాల ఏది ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలె.

బైబిల్‌ల ఏమున్నది?

యేసు పుట్టుక కథ నాలుగు సువార్తలల్ల రెండిట్లనే ఉన్నది. లూకా చెప్పేదేందంటే, సత్రంల జాగ దొరకక, పుట్టిన పిల్లగాన్ని గుడ్డల చుట్టి పశువుల తొట్టిల పండవెట్టిన్రు. ఆ కబురు ముందుగాల అందింది రాజుకు కాదు, యాజకునికి కాదు. రాత్రిపూట మంద కాసుకుంటున్న గొర్ల కాపర్లకు. మత్తయి చెప్పేదేమో చుక్క సంగతి. తూర్పు నుంచి జ్ఞానులు వచ్చి బంగారం, సాంబ్రాణి, బోళం ఇచ్చిన్రు. వాళ్లు ముగ్గురని మనం నాటకాలల్ల చూపిస్తం గానీ, ఎంతమందో మత్తయి రాయలే.

పుట్టిన తేదీ కూడ బైబిల్‌ల లేదు. డిసెంబర్ 25న పండుగ చేసుకున్నట్టు రోమ్‌ల 336వ సంవత్సరం నాటి ఆధారం ఉన్నది. రష్యాల ఆర్థడాక్స్ చర్చి పాత క్యాలెండర్ లెక్కన జనవరి 7న చేసుకుంటది. 1659ల అమెరికాల మసాచుసెట్స్‌ను ఏలిన ప్యూరిటన్లయితే, క్రిస్మస్ చేసుకుంటే ఐదు షిల్లింగుల జరిమానా అని చట్టమే తెచ్చిన్రు. 1681 దాక అది నడిచింది. పండుగను వద్దన్నది వేరే మతపోళ్లు కాదు, క్రైస్తవులే. బైబిల్‌ల లేని పండుగ ఎందుకన్నది వాళ్ల వాదన.

చెట్టు, తాత, కేకు

క్రిస్మస్ చెట్టు జర్మనీ ఆచారం. 1848ల విక్టోరియా రాణి కుటుంబం చెట్టు చుట్టు నిలవడ్డ బొమ్మను లండన్ పత్రిక ఒకటి అచ్చేసినంక ఇంగ్లండ్‌ల బాగ పాకింది. గ్రీటింగ్ కార్డు కూడ 1843ల లండన్‌లనే పుట్టింది.

శాంటా వెనుక నిజంగనే ఒక మనిషి ఉన్నడు. ఇప్పటి టర్కీల ఉన్న మైరా అనే ఊరికి 4వ శతాబ్దంల బిషప్‌గా ఉన్న నికొలస్. పేదోళ్లకు ఎవ్వలికి తెల్వకుండ సాయం చేసేటోడని ఆయనకు పేరు. డచ్చోళ్లు ఆయనను సింటర్‌క్లాస్ అన్నరు, అమెరికాకు పోయి శాంటాక్లాజ్ అయిండు. 1860లల థామస్ నాస్ట్ అనే కార్టూనిస్టు బొజ్జ తాత రూపం గీసిండు. 1931 నుంచి కోకాకోలా ప్రకటనలు ఆ తాతను లోకమంత తిప్పినయ్. ఎర్ర అంగీ కోకాకోలానే తొడిగిందంటరు గానీ అది నిజం కాదు. ఎర్ర అంగీ బొమ్మలు అంతకుముందే ఉన్నయ్.

మతం లేకుండ కూడ ఈ పండుగ నడుస్తదా అంటే, జపాన్‌ను చూడుండ్రి. అక్కడ క్రైస్తవులు నూటికి ఇద్దరు కూడ లేరు. అయినా 1974ల కేఎఫ్‌సీ చేసిన ప్రచారంతోని, క్రిస్మస్ అంటే చాలామందికి వేయించిన చికెన్ తినే రోజయింది.

మనం కలుపుకున్నయ్

మనోళ్లు కూడ ఊకె ఉండలే. పండుగనాడు వాకిట్ల ముగ్గేసి దాంట్ల స్టార్ దిద్దుతరు. పురుషోత్తమ చౌదరి లాంటోళ్లు 19వ శతాబ్దంలనే మన రాగాలల్ల తెలుగు కీర్తనలు కట్టిన్రు. మెదక్ చర్చిని పోస్నెట్ దొర 1914ల మొదలువెట్టించిండు. కరువుల ఉన్న జనానికి ఆ కట్టుడు పనితోనే కూడు దొరికిందని ఇప్పటికీ చెప్పుకుంటరు. 1924 డిసెంబర్ 25న అది తెరిచిన్రు. ఇయ్యాల క్రిస్మస్‌నాడు అన్ని మతాల జనం అక్కడికి పోతరు. తెలంగాణల డిసెంబర్ 26న కూడ సర్కారు సెలవే. అది ఇంగ్లండోళ్ల బాక్సింగ్ డే.

సెమీ క్రిస్మస్ మాత్రం ఏ చర్చి క్యాలెండర్‌ల లేదు. అక్కడ ఉన్నది ఆగమన కాలం. అంటే పండుగకు ముందు నాలుగు ఆదివారాలు నెమ్మదిగ ఎదురుచూసుడు. దాని జాగల స్టేజీ, మైకు, కేకు వచ్చినయ్.

అంటే మనుషులు చెయ్యి పెట్టని క్రిస్మస్ ఎక్కడా లేదు. తేదీ నుంచి కోడికూర దాక అన్ని ఎవరో ఒకరు కలిపినయే. అందుకే “ఇది అసలు, అది నకిలీ” అనే లొల్లితోని ఫాయిదా లేదంట నేను.

అసలు తేడా ఏంది?

ఏ ఆచారానికి ఎవలు ఏం ధర కడుతున్నరు అన్నదే తేడా. శాంటా టోపీ పెట్టుకుంటే నిన్ను ఎవ్వలు ఏమడగరు. ఫొటో దిగి డీపీ పెట్టుకోవచ్చు. కానీ దళితవాడల ఒక ఇంటి మీద స్టార్ ఎక్కితే, “మీకు ఎస్సీ సర్టిఫికెట్ ఎట్లొచ్చింది?” అని అడిగేటోడు ఉంటడు.

దీనికి మూలం 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు. హిందువులు కానోళ్లకు ఎస్సీ హోదా లేదన్నది అప్పటి మాట. 1956ల సిక్కులను, 1990ల బౌద్ధులను కలిపిన్రు. క్రైస్తవులను, ముస్లింలను కలపలే. మన రెండు రాష్ట్రాలల్ల క్రైస్తవంలకు మారిన ఎస్సీలను బీసీ-సీల పెట్టిన్రు. రిజర్వేషన్ ఒక్క శాతం. 2023ల ఏపీ అసెంబ్లీ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇయ్యాలని తీర్మానం చేసింది. 2024 నవంబర్‌ల పుదుచ్చేరి ఆమె కేసుల సుప్రీంకోర్టు, చర్చికి పోయి క్రైస్తవం పాటిస్తున్నోళ్లు ఎస్సీ సర్టిఫికెట్ అడగరాదన్నది.

కులం లేని మతంలకు పోయినోళ్లకు కులం రిజర్వేషన్ ఎందుకని కొందరు అడుగుతరు. అడగాల్సిన ప్రశ్ననే. కానీ బాప్తిస్మం తీసుకున్న తెల్లారి ఊరు వాళ్లను వేరే కన్నుతోని చూస్తదా? హోటల్ల గ్లాసు మారుతదా, కిరాయి ఇల్లు దొరుకుతదా? సమాధుల కాడ కులం చూసే చర్చిలు కూడ మన దేశంల ఉన్నయ్. మతం మారింది గానీ వాడ మారలే. అందుకే కాయిదం మీద ఒక మాట, ఇంట్ల ఒక ప్రార్థన పెట్టుకుని బతికేటోళ్లు ఉన్నరు. వాళ్లకు ఆ రంగు కాయిదం స్టార్ అలంకరణ కాదు, తెగింపు.

జాగ దొరకని తల్లిదండ్రులు, తొట్టిల పిల్లగాడు, ముందుగాల కబురందిన గొర్ల కాపర్లు. ఈ కథ వాడల మనిషికి ఎందుకంత దగ్గరైతదో వేరే చెప్పాల్నా? పండుగ లోపలి అర్థం అదే. నికొలస్ గుట్టుగ చేసిన సాయంల కూడ అదే ఉన్నది. శాంటా బొమ్మ పెట్టినోళ్లు ఆ సంగతి మర్చిపోతేనే నాకు బాధ.

తమ్ముండ్లూ, చెల్లెండ్లూ, కేకు తినుండ్రి, టోపీ పెట్టుకోండ్రి, తప్పేం లేదు. కాకపోతే 25 నాడు ఆ వాడల దోస్తు పిలిస్తే పోయి, వాళ్లింట్ల పీట మీద కూసొని కోడికూర తిని రాండ్రి. స్టేజీ మీద కేక్ కోసిన లీడర్ వస్తే, దళిత క్రైస్తవుల హోదా మీద మీ మాటేందని అడుగుండ్రి. ఎవరింటి మీద స్టార్ ఉన్నదో ఫొటో తీసి గ్రూపుల పెట్టే పని మాత్రం చెయ్యకుండ్రి. మీకది ఒక ఫార్వర్డే, ఆ ఇంట్ల చదువుకునే పిల్లకు అది ఫీజు, సీటు, నౌకరీ.